మాట మారినా మారని పాఠం: తెలుగు యానిమేషన్ చిత్రాల వాద్యవృంద రచన – సింగీతం శ్రీనివాసరావు 'ఘటోత్కచ్' ఆధారంగా ఒక పరిశీలన

ప్రస్తావన

తెలుగు సినిమా సంగీతంపై వెలువడిన విమర్శలో అధికభాగం పాటను గురించినదే. పాటలోనైనా సాహిత్యానికి మొదటి స్థానం, బాణీకి రెండవ స్థానం, గాయకులకు ఆ తరువాతి స్థానం లభించాయి. పాట వెనుక, పాటకూ పాటకూ మధ్య వినిపించే వాద్య సంగీతాన్ని ఒక రచనగా చదివే ప్రయత్నం చాలా తక్కువగా జరిగింది. చిత్ర పరిశ్రమ 'రీరికార్డింగ్' అని వ్యవహరించే ఈ భాగం సాంకేతిక వ్యవహారంగానే మిగిలిపోయింది. సాహిత్య విమర్శ దాని జోలికి పోలేదు.

నటులు నటించిన చిత్రం విషయంలో ఈ ఉపేక్షకు ఏదో ఒక సమాధానం చెప్పవచ్చు. అక్కడ నటుడి ముఖం ఉంది, సంభాషణ ఉంది, పరిసరాల సహజ ధ్వని ఉంది. యానిమేషన్ చిత్రంలో వీటిలో ఏదీ ముందుగా ఉండదు. గీసిన బొమ్మకు ఊపిరి లేదు, అడుగుల చప్పుడు లేదు. వినిపించే ప్రతి ధ్వనీ ఎవరో ఒకరు ఆలోచించి చేర్చినదే. ఆ చిత్రం ఒక భాష నుంచి మరొక భాషకు వెళ్ళినప్పుడు సంభాషణ మారుతుంది, పాటల సాహిత్యం మారుతుంది, పాత్రల గొంతులు మారుతాయి. మారకుండా మిగిలేవి రెండే: బొమ్మ, దాని వెంట సాగే వాద్యవృంద సంగీతం.

కనుక తెలుగు కథ యానిమేషన్ రూపంలో అనేక భాషలకు చేరుతున్న ఈ కాలంలో ఆ కథలోని తెలుగుదనం నిలిచేదీ, పోయేదీ ప్రధానంగా వాద్యవృంద రచనలోనే అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. దీనికి ఆధారం సింగీతం శ్రీనివాసరావు 2008లో తానే దర్శకత్వం వహించి, తానే సంగీతం సమకూర్చిన 'ఘటోత్కచ్' యానిమేషన్ చిత్రం, దాని వెనుక ఉన్న 'మాయాబజార్' (1957) సంప్రదాయం. దర్శకుడూ సంగీతకర్తా ఒక్కరే కావడం, కథానాయకుడు తెలుగు ప్రేక్షకులకు తరతరాలుగా పరిచితుడు కావడం అనే రెండు కారణాల వల్ల ఈ చిత్రం చర్చకు అనువైనది.

1. కుతపం, ధ్రువ: సంప్రదాయం ఇచ్చే పరిభాష

నేపథ్య సంగీతాన్ని విశ్లేషించడానికి తెలుగులో పరిభాష లేదన్న అభిప్రాయం ఉంది. ఇది సరి కాదు. భరతుని నాట్యశాస్త్రం వాద్యాలను తత, అవనద్ధ, ఘన, సుషిరాలని నాలుగు తెగలుగా విభజించింది. రంగస్థలంపై ఆసీనమైన వాద్యబృందానికి 'కుతపం' అని పేరు పెట్టింది. నాటకంలో సందర్భానుసారం వినిపించే ధ్రువాగానాన్ని ఐదు విధాలుగా చెప్పింది: పాత్ర రంగప్రవేశానికి ప్రావేశికి, నిష్క్రమణకు నైష్క్రామికి, నడుస్తున్న రసాన్ని తప్పించి మరొకదానిని తెచ్చేటప్పుడు ఆక్షేపికి, కలతపడిన ప్రేక్షకుని మనసును తేటపరచడానికి ప్రాసాదికి, ప్రయోగంలో ఏర్పడిన ఎడాన్ని పూరించడానికి ఆంతర.

ఈ విభజన స్వరూపాన్ని బట్టి చేసినది కాదు, ప్రయోజనాన్ని బట్టి చేసినది. రాగమేది, తాళమేది అన్న ప్రశ్న కంటే ముందు ఈ గానం నాటకంలో ఏ పని చేస్తున్నదని భరతుడు అడిగాడు. నేటి నేపథ్య సంగీతానికి వేయవలసిన మొదటి ప్రశ్న కూడా ఇదే. ధ్రువల్లో సాహిత్యం ఉంది, నేటి రీరికార్డింగ్‌లో చాలావరకు లేదు. అయినా ఐదు ప్రయోజనాలూ ఇప్పటికీ ఉన్నాయి. కథానాయకుడు తెరపైకి వచ్చినప్పుడల్లా వినిపించే వాద్యఖండిక ప్రావేశికి. హాస్య సన్నివేశం నడుమ హఠాత్తుగా గంభీరమయ్యే తంత్రీనాదం ఆక్షేపికి. యుద్ధం ముగిసిన తరువాత ఒంటరిగా వినిపించే వేణువు ప్రాసాదికి.

తెలుగు యక్షగానం, కూచిపూడి ఈ సంప్రదాయాన్ని ప్రవేశదరువు రూపంలో కాపాడాయి. తెర చాటున ఉన్న పాత్ర ముందుగా దరువులో వినిపిస్తుంది, తరువాత కనిపిస్తుంది. పాత్ర స్వభావం దరువు నడకలోనే తెలిసిపోతుంది. చెవి ముందు, కన్ను తరువాత అన్న ఈ క్రమం యానిమేషన్ చిత్రానికి అత్యంత సన్నిహితమైనది. ఆ చిత్ర నిర్మాణంలోనూ అనేక సందర్భాల్లో గొంతు, పాట ముందు నమోదవుతాయి. బొమ్మను తరువాత వాటికి అనుగుణంగా గీస్తారు.

2. తోలుబొమ్మలాట: ఒక దేహం, మూడు పనులు

కదిలే బొమ్మకు ధ్వనిని కూర్చడం తెలుగువారికి కొత్త విద్య కాదు. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోనే తోలుబొమ్మలాట ప్రస్తావన ఉంది. ఆటకు ప్రధానాధారం రంగనాథ రామాయణం ద్విపద. తెర వెనుక బొమ్మను ఆడించే కళాకారుడే మాట చెబుతాడు, పాట పాడుతాడు. హార్మోనియం, మృదంగం, తాళాలు, గజ్జెలు ఆ ఆటకు కుతపం. యుద్ధ ఘట్టం వచ్చినప్పుడు కాలి కింద ఉన్న చెక్కలను తొక్కి చప్పుడు చేస్తారు. బొమ్మ చేతిలోని గద ఎదుటి బొమ్మను తాకిన క్షణానికే చెక్క మోగుతుంది.

ఇక్కడ గమనించవలసినది సమకాలికత సాధించే తీరు. బొమ్మను కదిలించే చేయి, మాట పలికే నోరు, చెక్క తొక్కే కాలు ఒకే దేహానివి. కదలికకూ ధ్వనికీ మధ్య పొత్తు కుదర్చడానికి వేరే ఉపాయం అక్కర లేదు. సినిమా ఈ ఒక్క దేహాన్ని అనేక విభాగాలుగా విడదీసింది. బొమ్మ ఒకచోట, గొంతు మరొకచోట, వాద్యం ఇంకొకచోట తయారవుతాయి. విడిపోయినవాటిని తిరిగి కలపడానికి పాశ్చాత్య చిత్రశాలలు 1920ల చివర నుంచి పద్ధతులు కనిపెట్టాయి. డిస్నీ సంస్థ 'స్టీమ్‌బోట్ విల్లీ' (1928), 'స్కెలిటన్ డాన్స్' (1929) చిత్రాలతో బొమ్మ అడుగునూ వాద్యం దెబ్బనూ ఒకే లెక్కలోకి తెచ్చింది. వాద్యకారుల చెవిలో సమాన వ్యవధిలో టిక్కుమని వినిపించే 'క్లిక్ ట్రాక్' ఆ అవసరం నుంచి పుట్టినదే.

తోలుబొమ్మలాటలో మరొక విశేషం ఉంది. ఈ కళను నిలిపిన పలు కుటుంబాల ఇంటి మాట మరాఠీ. ఇంట్లో ఒక భాష మాట్లాడుతూ తెర వెనుక తెలుగు ద్విపద పాడిన కళాకారులు వారు. బొమ్మలాట ఆది నుంచీ భాషల సరిహద్దుల్లో నడిచిన కళ అనడానికి ఇది సాక్ష్యం. ఈ విషయం వ్యాసం చివరి భాగంలో మళ్ళీ అవసరమవుతుంది.

3. మాయాబజార్: చెవికి తెలిసిన రహస్యం

శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతంలో లేదు. జనశ్రుతిలో, యక్షగానంలో, సురభి వంటి నాటక సమాజాల ప్రదర్శనల్లో పెరిగి, కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో 'మాయాబజార్'గా స్థిరరూపం పొందింది. సాలూరి రాజేశ్వరరావు కొన్ని పాటలకు బాణీలు కట్టి తప్పుకున్న తరువాత ఘంటసాల మిగిలిన సంగీత బాధ్యతను పూర్తి చేశారు. సింగీతం శ్రీనివాసరావు ఆ చిత్రానికి కె.వి. రెడ్డి వద్ద సహాయకులుగా పనిచేశారు.

మాయాబజార్ యానిమేషన్ చిత్రం కాదు. అయినా అందులో ప్రాణం లేని వస్తువులు కదిలే ఘట్టాలు ఉన్నాయి. పెండ్లి విందును ఘటోత్కచుడు ఒక్కడే ఆరగించే పాటలో లడ్డూలు వాటంతట అవే ఎగిరి నోట్లో పడతాయి, పాత్రలు జరిగి దగ్గరకు వస్తాయి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే సాధించిన ఈ చిత్రణ స్వభావరీత్యా యానిమేషన్‌కు దగ్గరి చుట్టమే. మాధవపెద్ది సత్యం పాడిన ఆ పాటలో నవ్వు లయలో భాగం. నవ్వు ఆగిన చోట వాద్యం అందుకుంటుంది, వాద్యం ఆగిన చోట నవ్వు అందుకుంటుంది. కదిలే వస్తువుకు మాట లేదు కనుక దాని చలనానికి అర్థం లయ నుంచే వస్తున్నది. లయ తీసివేస్తే అక్కడ మిగిలేది తంత్రం మాత్రమే. లయ ఉన్నప్పుడు అది ఆకలి, ఉత్సాహం, బాలచాపల్యం అవుతున్నది.

ఇంతకంటే లోతైన ఉదాహరణ మాయాశశిరేఖ పాట. తెరపై కనిపించేది శశిరేఖ రూపం. ఆ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. పి. సుశీల గొంతులో సాగుతున్న పాట మధ్యలో ఘంటసాల గొంతు తొంగిచూస్తుంది. కన్ను ఒక వ్యక్తిని చూస్తుండగా చెవి మరొకరిని గుర్తిస్తుంది. ఆ ఇంట్లో ఉన్న పాత్రలకు తెలియని రహస్యం ప్రేక్షకునికి నాదం ద్వారా తెలుస్తుంది. పాత్ర ఉనికి దేహంలో కంటే నాదంలో ఉండగలదని ఈ పాట నిరూపించింది. దేహమే గీసినదైన యానిమేషన్ చిత్రానికి ఇదే మూలసూత్రం.

మాయాబజార్‌లో తెలుగు ప్రేక్షకుడు మరువలేనిది పింగళి నాగేంద్రరావు మాటల వినోదం. గింబళి, గిల్పం వంటి కల్పిత పదాలు తెలుగు జంట పదాల అలవాటు నుంచి పుట్టాయి. ఇవి మరొక భాషలోకి వెళ్ళవు. వెళ్ళినా నవ్వు వెళ్ళదు. కానీ లడ్డూలు ఎగిరే ఘట్టంలోని లయహాస్యానికి అనువాదం అక్కర లేదు. ఒకే చిత్రంలో అనువాదానికి లొంగని హాస్యం, అనువాదం అక్కర లేని హాస్యం పక్కపక్కన ఉన్నాయి. అనేక భాషల యానిమేషన్ చిత్రం మొదటిదానిని వదులుకోక తప్పదు. రెండవదానికి ఎంత బరువు మోయగల శక్తి ఉందన్నదే ప్రశ్న.

4. సింగీతం మార్గం: మాట లేని కథనం

సింగీతం చిత్ర జీవితాన్ని ఈ ప్రశ్న వెలుగులో చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. 1987 నాటి 'పుష్పక విమానం'లో ఆయన సంభాషణను పూర్తిగా తొలగించారు. మూకీ చిత్రాల కాలానికి తిరిగి వెళ్ళడం ఆ ప్రయోగం ఉద్దేశం కాదు. అందులో ధ్వని ఉంది, ఎల్. వైద్యనాథన్ సంగీతం ఉంది. మాట ఒక్కటే లేదు. మాట లేకపోతే కథ నడిపే బాధ్యత చలనానికీ నాదానికీ పంచబడుతుంది. 1994లో 'భైరవద్వీపం' ద్వారా జానపద చిత్ర ప్రపంచాన్ని మళ్ళీ తెచ్చారు. 2003లో 'సన్ ఆఫ్ అలాదిన్' కంప్యూటర్ యానిమేషన్ చిత్రానికి దర్శకత్వం వహించారు. ఆ తరువాత వచ్చినది 'ఘటోత్కచ్'.

కదిలే వస్తువుకు లయ (1957), మాట లేని కథకు నాదం (1987), గీసిన దేహానికి ప్రాణం (2003, 2008) – ఈ మూడూ ఒకే అన్వేషణలో మెట్లు. చివరి మెట్టులో ఆయన సంగీత రచనను కూడా స్వయంగా చేపట్టడం యాదృచ్ఛికంగా కనిపించదు. తోలుబొమ్మలాటలో ఒకే దేహంలో ఉండి, సినిమాలో విడిపోయిన పనులు ఇక్కడ మళ్ళీ ఒకరి ఆలోచన కిందికి వచ్చాయి. ఏ చోట బొమ్మ ఆగాలో, ఏ చోట వాద్యం అందుకోవాలో నిర్ణయించే వ్యక్తి ఒక్కడే అయినప్పుడు సంగీతం పూర్తయిన చిత్రానికి పూసే మెరుగుగా ఉండదు. చిత్ర కథనంలోనే భాగమవుతుంది.

కథావస్తువు వైపు నుంచి చూస్తే 'ఘటోత్కచ్' సంగీతకర్తకు మరొక కష్టం కనిపిస్తుంది. ఆదిపర్వం ప్రకారం ఘటోత్కచుడికి బాల్యం లేదు. హిడింబకు పుట్టిన వెంటనే అతడు పెరిగి పెద్దవాడయ్యాడు. రంగస్థలానికీ సినిమాకూ తెలిసినది పెద్ద ఘటోత్కచుడే: గద, గంభీరస్వరం, బరువైన అడుగు, డోలు. పిల్లల కోసం తీసిన యానిమేషన్ చిత్రం ఇతిహాసం ఇవ్వని బాల్యాన్ని అతనికి ఇచ్చింది. ఎస్.వి. రంగారావు రూపంలో, మాధవపెద్ది సత్యం గొంతులో స్థిరపడిన పాత్రకు బాల్యనాదం అంటూ సంప్రదాయంలో ఏమీ లేదు. దానిని కల్పించాలి; కల్పించినది పెద్ద ఘటోత్కచునికి చిన్నతనంగా వినిపించాలి. మంద్రస్థాయిలోని డోలును తీసివేసి తారస్థాయిలో వేణువు పెట్టినంత మాత్రాన సరిపోదు. అలా చేస్తే వినిపించేది ఏ పిల్లవాడైనా కావచ్చు. ఒకే స్వరసంచారం బాల్యంలో ఒక వాద్యంలో, ఎదిగిన తరువాత మరొక వాద్యంలో వినిపించినప్పుడే ఇద్దరూ ఒక్కడే అన్న జ్ఞానం చెవికి కలుగుతుంది. పాత్ర వయసు మారినా ప్రావేశికి మారకూడదు; దాని స్థాయి, వాద్యం, కాలం మారవచ్చు. వాద్యవృందం అవసరం ఇక్కడే స్పష్టమవుతుంది. ఏక వాద్యం స్థాయిని మార్చగలదు కాని, దేహపు బరువును మార్చలేదు.

5. ఫ్రేము, తాళం: లెక్కలో దాగిన సౌందర్యం

సెకనుకు 24 ఫ్రేముల లెక్కన నడిచే చిత్రంలో తాళం అంకగణితమవుతుంది. సామాన్యమైన నడకకు అడుగుకు 12 ఫ్రేములు వాడడం యానిమేషన్‌లో అలవాటు. అంటే నిమిషానికి 120 దెబ్బలు. ఒక్కొక్క అడుగుకు ఆది తాళంలో ఒక్కొక్క అక్షరం చొప్పున వేస్తే ఒక ఆవృతానికి 96 ఫ్రేములు, సరిగ్గా 4 సెకన్లు పడుతుంది. మహాకాయుడి నడక నెమ్మదిగా ఉండాలి. అతని అడుగుకు 20 ఫ్రేములు ఇస్తే నిమిషానికి 72 దెబ్బలు.

ఈ రెండు అంకెల స్వభావం వేరు. 12ను మూడుగానూ నాలుగుగానూ భాగించవచ్చు. పిల్లవాడి నడకలో తిస్రగతి, చతురస్రగతి రెండూ నిండు ఫ్రేములపై పడతాయి. ఐదుగా భాగిస్తే మిగులు వస్తుంది కనుక ఖండగతి అంత నిక్కచ్చిగా కుదరదు. 20ని నాలుగుగానూ ఐదుగానూ భాగించవచ్చు. మహాకాయుడి అడుగులో చతురస్రం, ఖండం కుదురుతాయి, తిస్రం కుదరదు. ఇద్దరూ పక్కపక్కన నడిస్తే 60 ఫ్రేముల దగ్గర, అంటే రెండున్నర సెకన్లకు ఒకసారి, వారి అడుగులు కలుస్తాయి. అంతలో పిల్లవాడు ఐదడుగులు, పెద్దవాడు మూడడుగులు వేస్తారు. కథ చెప్పదలచిన అనుబంధాన్ని ఈ కలయిక మాట లేకుండా చెప్పగలదు.

లెక్క తప్పితే కలిగే నష్టమూ చెవికి తెలుస్తుంది. నిమిషానికి 100 దెబ్బలన్న కాలంలో దెబ్బకు 14.4 ఫ్రేములు వస్తాయి. చిత్రకారుడు 14 ఫ్రేములకు గీస్తే ఒక్క అడుగులో తేడా తెలియదు. 30 అడుగులు నడిచేసరికి 12 ఫ్రేములు, అర సెకను ఎడం ఏర్పడుతుంది. బొమ్మ ముందు నడుస్తూ, మృదంగం వెనుకబడుతుంది. ఛందస్సులో యతి ఒక అక్షరం జరిగితే చెవికి ఎలా తగులుతుందో ఇక్కడా అంతే.

రాగం విషయంలోనూ ఇటువంటి ఎంపిక తప్పదు. మాయాబజార్‌లోని వెన్నెల నౌకావిహార గీతం మోహనరాగ ఛాయలో సాగుతుంది. మోహన వంటి ఔడవరాగాన్ని వయొలిన్ల బృందం గమకం తక్కువగా వాయించినా దాని ఆకృతి చెడదు. కింద సంవాది స్వరాలు చేర్చినా తట్టుకుంటుంది. ఆనందభైరవి, తోడి వంటి రాగాల ప్రాణం గమకంలో ఉంది. ఇరవైమంది కలిసి ఒకే గమకాన్ని ఒకే తీరుగా పలికించడం కష్టం. స్వరలిపిలో రాసి ఇచ్చినా అది పూర్తిగా కాగితంపైకి రాదు. అటువంటి చోట వాద్యవృందం ఆధారశ్రుతిగా నిలిచి, ఒక వీణకో నాదస్వరానికో సన్నాయికో రాగాన్ని అప్పగించడం మేలు. ఎవరు పలకాలి, ఎవరు ఊరకుండాలి అన్న నిర్ణయంలోనే వాద్యవృంద రచయిత వివేకం బయటపడుతుంది.

6. వాచ్యం, వ్యంగ్యం, పునరుక్తి

బొమ్మ ఎగిరితే స్వరం ఎగరడం, బొమ్మ జారితే స్వరం జారడం యానిమేషన్ సంగీతంలో పాత అలవాటు. చిత్రం చెప్పినదానినే సంగీతం మళ్ళీ చెబుతున్నది. అలంకారశాస్త్ర పరిభాషలో ఇది వాచ్యమే. మితిమీరితే పునరుక్తి దోషం. అయితే పునరుక్తి అంతా దోషం కాదు. హాస్యంలో, బాలరంజకమైన కథనంలో అది ప్రాస వలె పనిచేస్తుంది. లడ్డూ ఎగిరిన ప్రతిసారీ తాళం పడడం వినోదం. దుఃఖంలో కన్నీటి చుక్క రాలినప్పుడల్లా తంత్రి మీటడం మాత్రం రసభంగం.

వ్యంగ్యం ఇందుకు భిన్నమైనది. చిత్రం చూపనిదానిని సంగీతం స్ఫురింపజేస్తుంది. మాయాశశిరేఖ పాటలో ఘంటసాల గొంతు చేసిన పని అదే. వాద్యవృందంలోనూ ఇది సాధ్యం. పిల్లవాడు ఆడుకుంటుండగా లోలోతున డోలు చిన్నగా మ్రోగితే, రాబోయే కురుక్షేత్రంలో కర్ణుని శక్తికి గురయ్యే ఘటోత్కచుడు అక్కడే ఉన్నాడని కథ తెలిసిన శ్రోత గ్రహిస్తాడు. ఈ వ్యంగ్యానికి సహృదయుడు కావాలి; సహృదయుడికి కథాస్మృతి కావాలి. సంగీతం సాహిత్య జ్ఞానాన్ని ఆశ్రయించే స్థలం ఇదే. యానిమేషన్ చిత్రాల నేపథ్య సంగీతాన్ని సాహిత్య విద్యార్థి విడిచిపెట్టలేకపోవడానికి కారణమూ ఇదే.

7. భాషల సరిహద్దులో శ్రోత

జహీరాబాద్ ప్రాంతంలోని మొగుడంపల్లి, 2016 పునర్వ్యవస్థీకరణలో సంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రమైంది. కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న ఈ ప్రాంతపు సంతలో తెలుగు, కన్నడ, ఉర్దూ, లంబాడీ మాటలు కలిసి వినిపిస్తాయి. ఇటువంటి చోట ఒక బాలుడు ఒకే బొమ్మల చిత్రాన్ని ఇంట్లో తెలుగులో, బీదర్‌లోని చుట్టాల ఇంట్లో కన్నడంలోనో హిందీలోనో చూడడం అసహజం కాదు. అతనికి రెండుసార్లూ ఒకే ఘటోత్కచుడు కనిపిస్తాడు. మాట మాత్రం వేరు. రెండు అనుభవాలను ఒకటిగా కలిపేది నాదం. డబ్బింగ్ కోసం సంభాషణను విడదీసి, సంగీతాన్నీ ధ్వనులనూ కలిపి ఉంచే 'మ్యూజిక్ అండ్ ఎఫెక్ట్స్ ట్రాక్' సాంకేతికంగా ఒక సదుపాయం. సాహిత్యపరంగా అది అన్ని భాషాంతరీకరణలకూ ఉమ్మడి మూలపాఠం.

ఆ మూలపాఠం ఏ ఊరి నాదంలో రచించాలన్నది కళాసమస్య మాత్రమే కాదు. అన్ని భాషలకూ సరిపోవాలన్న ఆలోచనతో ఏ భాషకూ చెందని నాదాన్ని ఎంచుకోవడం సులభం. కంప్యూటర్‌లో సిద్ధంగా దొరికే తంత్రీవాద్యాల, కాంస్యవాద్యాల నమూనా ధ్వనులతో ఎక్కడి కథనైనా గంభీరంగా వినిపింపజేయవచ్చు. అప్పుడు ఘటోత్కచుడు, ఏ దేశపు వీరుడైనా ఒకే విధంగా అడుగుపెడతారు. మాట డబ్బింగ్‌లో పోయింది, నాదం ఎంపికలో పోయింది. ఇక తెలుగు కథ అనడానికి మిగిలేది పేరు మాత్రమే.

ఇందుకు ప్రతిగా ఇటీవలి రెండు సందర్భాలను గమనించవచ్చు. యుగో సాకో, కోయిచి ససాకి, రామ్‌మోహన్ దర్శకత్వంలో భారత జపాన్ దేశాల సహకారంతో రూపొందిన రామాయణ యానిమేషన్ చిత్రానికి వన్‌రాజ్ భాటియా సంగీతం సమకూర్చారు. లండన్ రాయల్ అకాడమీలోనూ, పారిస్‌లో నాదియా బూలాంజే వద్దనూ పాశ్చాత్య సంగీతం అభ్యసించిన ఆయన వాద్యవృంద రచనలో నిష్ణాతులు. ఆ చిత్రం ఆంగ్ల రూపంలో పాటలు సంస్కృతంలో ఉండడం విశేషం. సంభాషణ ఏ భాషలో ఉన్నా పాట ఒక ఉమ్మడి సంస్కారభాషలో ఉండడం అనువాద సమస్యకు ఒక పరిష్కారం. ఈ చిత్రం 2025 జనవరిలో తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది.

అదే సంవత్సరం జూలైలో అశ్విన్ కుమార్ దర్శకత్వంలో, శామ్ సి.ఎస్. సంగీతంతో వచ్చిన 'మహావతార్ నరసింహ' తెలుగులో విశేష ఆదరణ పొందింది. ఈ కథకు తెలుగు ప్రేక్షకుడు రిక్తహస్తాలతో వెళ్ళడు. పోతన భాగవతం సప్తమ స్కంధం అతని వెంట ఉంటుంది. స్తంభం నుంచి నృసింహుడు వెలువడే ఘట్టంలో పోతన దీర్ఘసమాసాల వచనంతో ఊపిరి తిప్పుకోనివ్వడు. సమాసం పెరిగిన కొద్దీ భయమూ పెరుగుతుంది. వాద్యాలను ఒక్కొక్కటిగా చేరుస్తూ నాదాన్ని పెంచే వాద్యవృంద పద్ధతికీ ఈ సమాస నిర్మాణానికీ ఉన్న పోలిక స్పష్టం. కానీ అనేక భాషల కోసం రచించిన సంగీతం పోతన పద్యం చదివే తెలుగు వరుసను ఆధారం చేసుకోలేదు. ఇది ఆ సంగీతకర్త లోపం కాదు. ఆ నిర్మాణ పద్ధతి పరిమితి. తెలుగు సంగీతకర్త తెలుగు కథతో మొదలుపెట్టిన చిత్రానికి మాత్రం ఆ పరిమితి ఉండనక్కర లేదు. 'ఘటోత్కచ్' ప్రాముఖ్యం ఇక్కడే. మాయాబజార్ నాదస్మృతి ఉన్న వ్యక్తి చేతిలో ఉమ్మడి మూలపాఠం రూపొందింది.

8. రెండు అభ్యంతరాలు

వాద్యవృందం పాశ్చాత్యం కనుక దానిలో తెలుగుదనం వెదకడం అసంగతమని ఒక అభ్యంతరం రావచ్చు. వయొలిన్ కర్ణాటక సంగీతంలో, హార్మోనియం తెలుగు నాటకంలో స్థిరపడిన తరువాత ఈ వాదానికి బలం లేదు. విందు పాట వరుసకూ 'లాఫింగ్ పోలీస్‌మన్' అనే ఆంగ్ల హాస్యగీతానికీ ఉన్న పోలికను పలువురు గుర్తించారు. అయినా ఆ పాట కంటే తెలుగుదైన పాటను చూపడం కష్టం. తెలుగుదనం మూలంలో కంటే వాడుకలో ఉంటుంది.

పిల్లల చిత్రాల సంగీతానికి ఇంత విచారణ అవసరమా అన్నది రెండవ అభ్యంతరం. 2006 నాటి తెలుగు యానిమేషన్ చిత్రం 'కిట్టు' ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. 2001లో హైదరాబాద్‌లో మొదలైన గ్రీన్ గోల్డ్ సంస్థ రూపొందించిన 'ఛోటా భీమ్' 2008 నుంచి దేశమంతటా పిల్లల ఇళ్ళలోకి వచ్చింది. నేటి తరానికి పురాణ పాత్రల తొలి పరిచయం పద్యనాటకం ద్వారా కాక, ఇటువంటి చిత్రాల ద్వారా జరుగుతున్నది. పద్యనాటకం విన్న తరానికి ఘటోత్కచుడంటే ఒక రాగం, ఒక కంఠం. యానిమేషన్ చూసిన తరానికి అతడు ఏ నాదంగా గుర్తుంటాడన్నది చిన్న విషయం కాదు. బాల్యంలో విన్న నాదం పెద్దయ్యాక చదివే కావ్యానికి శ్రుతి అవుతుంది.

ఉపసంహారం

యానిమేషన్ చిత్రంలోని వాద్యవృంద రచనను విమర్శ మూడు ప్రశ్నలతో సమీపించవచ్చు. ఈ వాద్యఖండిక ఏ ధ్రువ చేయవలసిన పని చేస్తున్నది? చిత్రం చెప్పినదానిని మళ్ళీ చెబుతున్నదా, చెప్పనిదానిని స్ఫురింపజేస్తున్నదా? మాటలన్నీ తీసివేసినా ఈ కథ ఏ నేలదో చెవికి తెలుస్తున్నదా? మొదటి ప్రశ్న భరతుడిది, రెండవది ఆలంకారికులది, మూడవది నేటి కాలానిది.

మూడవ ప్రశ్నకు మాయాబజార్ వినిపించిన సమాధానం ఇంకా చెవిలో ఉంది. ఆ చిత్రానికి సహాయకుడిగా పనిచేసిన యువకుడు అర్ధశతాబ్ది తరువాత అదే పాత్రను బొమ్మగా మలిచి, దానికి నాదాన్ని తానే సమకూర్చడం తెలుగు బొమ్మలాట చరిత్రలో ఒక వలయం పూర్తికావడమే. తెర వెనుక చెక్క తొక్కిన కాలికీ, ఫ్రేములు లెక్కించి తాళం వేసిన చేతికీ ఉన్న బంధుత్వాన్ని గుర్తించి, ఈ చిత్రాల నేపథ్య సంగీతాన్ని సన్నివేశక్రమంలో స్వరపరచి భద్రపరచడం తెలుగు శాఖలూ సంగీత శాఖలూ కలిసి చేయవలసిన పని. అది జరిగిన నాడు, మాట మారినా మారని ఆ పాఠాన్ని మొగుడంపల్లి బాలుడు ఏ భాషలో విన్నా తన కథగా గుర్తించగలుగుతున్నాడా అన్న విచారణకు గట్టి ఆధారం ఏర్పడుతుంది.